బోర్లా పెట్టిన పటాలు

పత్తికొండ,
9 జూలై 2024.

ప్రభువునందు ప్రియమైన కోడలు దీవెనకు,

ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పు, క్షేమ సమాచారాలు తర్వాత. దేవుడు నీకు రెండు కళ్ళిచ్చింది తన సృష్టిని చూడడానికా, లేక ఒక కన్ను మూసుకుని రెండోది నల్లపెట్టెకు అంటించి ఆ సృష్టిని దొంగిలించడానికా?

నిన్న నువ్వు పత్తికొండ వచ్చావని టమాట మండీలో తూకం వేసే ఉమామహేశ్ చెప్పాడు. మేనమామ ఇంటికి పావుగంట దూరం దాకా వచ్చి ఇంటికి రాలేదు. సరే, క్షమించాను. కానీ అతను చెప్పిన తక్కిన మాట నా చెవుల్లో ఇంకా మోగుతోంది. "ఏమప్పా దావీదురాజు, మీ కోడలు మండీలో నేలమీద బోర్లా పండుకోనుండాది. టమాటాలకు ఫోటో తీస్తాంది. జారి పడిందేమోనని నేను నీళ్ళు తీస్కపోతే, నీడ పడతాంది జరుగు అనె." మండీ మండీ అంతా నవ్విందట. ముప్పై ఏళ్ళుగా ఈ తాలూకాలో వాక్యం చెబుతున్నవాడి ఇంటి పిల్ల బురదలో పడుకుంది!

నీ రాజంపేట స్టూడియోలో పెళ్ళి ఫోటోలు తీయడం కూటి కోసం. దానికి నేనేనాడూ అడ్డు చెప్పలేదు. ఆషాఢం, ముహూర్తాలు లేవు, స్టూడియో ఖాళీ, నిజమే. ఖాళీ దొరికితే ప్రార్థించాలి. బస్సులు పట్టుకుని ఊరూరా తిరిగి రూపాలు పోగేయడం ఏమిటి? రూపాలు చేసుకోవద్దన్న ఆజ్ఞను ఆయన నోటిమాటగా వదిలేయలేదు. రాతి పలకల మీద తన వేలితో రాసి ఇచ్చాడు. అది మరచిపోకు.

ఫోన్లో అయితే మనకు మొదటి నిమిషం క్షేమం, రెండో నిమిషం వాక్యం, మూడో నిమిషం కొట్లాట అవుతోందని, ఇకమీద ఉత్తరం రాయమని నువ్వే అన్నావు. రాశాను. రెండేళ్ళ బిడ్డవి నా చేతుల్లోకి వచ్చావు. ఆ చేతులతోనే రాశాను.

నీ మామ,
దావీదురాజు.


మైదుకూరు,
17 జూలై 2024.

మామకు వందనాలు.

దొంగిలించలేదు మామా. ఆ గుట్ట పక్కన ఒకామె కూర్చుని చెడిన టమాటాలు ఏరుతోంది. ఆమె మట్టిగాజులకు టమాటా గింజలు అంటుకుని పొద్దుటి ఎండలో మెరుస్తున్నాయి. నిలబడితే కనిపించవు. నేలమీద పడుకుంటేనే కనిపిస్తాయి. నువ్వు ప్రార్థనకు మోకాళ్ళ మీదికి దిగుతావు. నేను ఇంకో అడుగు కిందికి దిగాను.

కర్నూలులో ఉల్లి మూటలు ఎత్తి వస్తున్న ఆడవాళ్ళతో కలిసి బస్సెక్కాను. ఊరు దాటకముందే అందరూ నిద్రపోయారు. ఒకామె జుట్టులో ఉల్లిపొరలు చిక్కుకుని ఉన్నాయి. కిటికీలోంచి ఎండ వాటి గుండా పోతుంటే తలచుట్టూ గులాబి రంగు దీపాలు పెట్టినట్టుంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఒక దీపం ఊడి ఒళ్ళో పడేది. ఆళ్ళగడ్డ దాకా లెక్కపెడుతూ నేను నిద్రే పోలేదు.

ఇక్కడ బండల ఫ్యాక్టరీ ముందు నాపరాళ్ళు పరిచి ఉన్నాయి. నిన్న చిన్న జల్లు పడింది. రాళ్ళన్నీ నల్లటి అద్దాలైపోయాయి. వాటి మీద మబ్బులు నడుస్తుంటే ఒక మేక ఆ మబ్బుల్లో మేత వెతుకుతోంది. ఫ్యాక్టరీ కాపలావాడు నన్ను చూసి, "ఏం పాపా, మేకకు ఆధార్ కార్డు తీస్తాండావా?" అన్నాడు.

నువ్వు ప్రార్థనలో కళ్ళు మూస్తావు. ప్రసంగంలో మూస్తావు. బస్సులోనూ మూసుకునే కూర్చుంటావు. రోజుకొక్క దాన్ని కళ్ళు తెరిచి చూసి నాకు రాయి. ఆ తర్వాత తిట్టు, పడతాను.

ఇంకొకటి. నేను తిరిగేది టమాటాల కోసమే కాదు. అమ్మ పోయేనాటికి ఇరవయ్యారేళ్ళంటావు. ఆ ఈడు ఆడమనిషి కనిపిస్తే నా చెయ్యి తనంతట తానే కెమెరా మీదికి పోతుంది. అమ్మ ఇలా కూర్చునేదా, ఇలా జడ ముడిచేదా అని. నాకిప్పుడు ఇరవై ఎనిమిది. అమ్మ కంటే పెద్దదాన్ని అయిపోయాను, ఆమె ముఖం ఇంకా చూడలేదు. ఫోటో లేదు అని నువ్వు చెప్పగా వింటూ పెరిగాను. నిజంగా ఒక్కటీ తీయలేదా మామా? ఏ రేషన్ కార్డుకైనా, ఏ పెళ్ళిలో మూలనైనా?

దీవెన.


ఆలూరు,
28 జూలై 2024.

ప్రభువునందు ప్రియమైన దీవెనకు,

నువ్వు సవాలు చేశావు కాబట్టి చేశాను. ఆత్మలో బలహీనపడి కాదు.

ఆలూరు ప్రార్థన కూటానికి వస్తూ బస్సులో కళ్ళు తెరిచే కూర్చున్నాను. కండక్టరు దగ్గరికొచ్చి, "ఏమి సార్, ఈ పొద్దు నిద్ర రాలేదా? మీ గురక లేకుంటే మా డ్రైవరుకు బండి నడిచినట్లుండదే" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఈ దారిన పోతున్నాను. దేవనకొండ దాటాక రోడ్డుకు ఎడమపక్క ఒక మంగలి ఉన్నాడని నాకు తెలియదు.

వేపకొయ్యకు అద్దం తగిలించాడు. కుర్చీలో ఒక రైతు, గడ్డం నిండా నురగ. బస్సు ఆగింది, ఎవరో మూట దింపుతున్నారు. అద్దంలో ఆ రైతు వెనక ఉన్న చేను కనిపించింది. నురగ పెట్టిన గడ్డం కింద రెండెద్దులు దున్నుతున్నాయి, దీవెనా. తెల్లటి మబ్బు కింద దున్నుతున్నట్టు. మంగలి కత్తితో ఆ మబ్బును కొంచెం కొంచెంగా గీసి తీసేస్తున్నాడు. ఎర్రనేల బయటపడుతోంది. బస్సు కదిలింది. నేను మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను, మెడ పట్టేసింది.

ఒక గుడ్డివాడికి ప్రభువు రెండుసార్లు చేయి వేయాల్సి వచ్చింది, గుర్తుందా? మొదటిసారి తాకినప్పుడు వాడికి మనుషులు చెట్లలా నడుస్తూ కనిపించారు. ఇన్నేళ్ళు ఆ భాగం మీద ప్రసంగించాను. వాడి అవిశ్వాసమని చెప్పాను. అది కాదేమో. నడిచే చెట్లను వాడు ఇంకాసేపు చూడాలని ఆయన ఆగాడేమో. ఈ మాట ఎవరికీ చెప్పకు.

కూటంలో కూడా కళ్ళు తెరిచే ప్రార్థించాను. ముందు వరసలో ఒక అవ్వ ఆమేన్ అంటూనే చేతిలోని బొరుగులు కోడిపిల్లకు వేస్తోంది. కోడిపిల్ల తల వంచుకుని తింటోంది. అక్కడున్న వాళ్ళందరిలోకీ అదే భక్తిగా కనిపించింది.

నువ్వడిగిన రెండో సంగతి తర్వాత రాస్తాను. బస్సు వచ్చింది.

నీ మామ.


రాజంపేట,
16 ఆగస్టు 2024.

మామా, వందనాలు.

మంగలి అద్దం నాలుగుసార్లు చదివాను. నేను తీసిన వాటికంటే అదే మంచి ఫోటో. స్టూడియోలో అందరికీ చదివి వినిపించాను. "మీ మామ ఫోటోగ్రాఫరా?" అని అడిగారు. "కాదు, ఫోటోలంటే పడని పాస్టరు" అన్నాను. నమ్మలేదు.

శ్రావణమాసం కదా, ఊపిరాడడం లేదు. ఈ వారంలో మూడు పెళ్ళిళ్ళు. అన్నిచోట్లా ఒకటే తంతు. అందరి ఫోటోలూ అయ్యాక పెళ్ళికూతురు మెడ చాచి వెతుకుతుంది. "మా అమ్మ యాడుండాది? అమ్మా, నువ్వు రా, నువ్వు లేకుంటే ఎట్ల?" ఆ తల్లి వంటశాల నుంచి చేతులు తుడుచుకుంటూ వస్తుంది. "నా చీర నలిగిపోయింది, వద్దులే" అంటూ వచ్చి బిడ్డ భుజానికి ఆనుకుంటుంది. నేను మీట నొక్కుతాను. మూడు పెళ్ళిళ్ళు, ముగ్గురు తల్లులు. మూడోసారి నా కన్ను మసకబారి ఫోటో కదిలిపోయింది. మళ్ళీ నిలబడమన్నాను.

ఉత్తరం రాసేవాడికి బస్సు రావడమేమిటి మామా? ఆలూరు నుంచి మన ఊరికి రోజంతా బస్సులే.

కోపంతో అడగడం లేదు. ఫోటో లేకపోతే పోనీ. ఆ మంగలిని రాసినట్టు అమ్మను రాయి. ఒక్క దృశ్యం చాలు. ముఖం ఎలా ఉండేది? నవ్వితే ఏ బుగ్గ ముందు కదిలేది? నువ్వు రాస్తే ఆ కాగితమే నా ఫోటో. భాద్రపదంలో మళ్ళీ తిరుగుతాను. అప్పుడు తీసిన మొదటి మంచి ఫోటో నీకే పంపుతాను, ఇది నా మాట.

దీవెన.


పత్తికొండ,
25 ఆగస్టు 2024.

దీవెనా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. ఇది ఐదోది. చించకముందే పోస్టులో వేస్తాను.

మీ అమ్మ విశ్వాసమ్మకు ఫోటో ఉండేది. ఒకే ఒక్కటి. నువ్వు పుట్టకముందు పత్తికొండ స్టూడియోలో కూర్చుని తీయించుకుంది. ఆమె జ్వరంతో పోయాక మా అమ్మ ఓబులమ్మ దానికి పటం కట్టించి గోడకు తగిలించింది. రోజూ బంతిపూల దండ, ఊదుబత్తి, అద్దం మీద కుంకుమ బొట్టు. అమ్మ పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్న మనిషి. పోయినవాళ్ళను తలుచుకోవడానికి ఆమెకు ఆ పద్ధతే తెలుసు. మన వీధిలో అందరి ఇళ్ళలోనూ అంతే.

నాకప్పుడు నలభై ఏళ్ళు. బడి మెట్లెక్కలేదు. చేనుగట్టున కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుని వాక్యం నేర్చుకున్నాను. నాలుగు మాటలు వచ్చినవాడిలో ఉండే మంట నాలో ఉండేది. ఊదుబత్తి పొగ చూస్తే ఒళ్ళు మండేది. మూడు రోజులు కూటాలు పెట్టాను. మూడోనాడు కేక వేశాను: పొగ వేయించుకుంటున్న ప్రతి పటమూ గోడ దిగాలి! పదిహేడు పటాలు వచ్చాయి. మొదటిది నా ఇంటిదే ఉండాలన్నాను. అమ్మ తన చేతులతోనే తెచ్చి ఇచ్చింది. ముఖాలు కనిపిస్తే జనం మనసు కరుగుతుందని అన్నిటినీ బోర్లా పెట్టించాను. కిరసనాయిలు పోశాను. కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. ఆమేన్ అని తెరిచేసరికి అద్దాలు చిట్లుతున్నాయి.

ఫోటో లేదు అని నీతో అన్న ప్రతిసారీ అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. లేదు కదా! ఎందుకు లేదో ఒక్కటే చెప్పలేదు. ఆ శిష్యుడు ప్రభువును ఎరుగనని కోడి కూయకముందు ముమ్మారు బొంకి, బయటికి పోయి ఏడ్చాడు. నేను ఇరవై ఐదేళ్ళు బొంకి, ప్రతి ఆదివారం లోపలే నిలబడి ప్రసంగం చేశాను.

ఇక నువ్వడిగిన ముఖం. రాయాలని మూడు రోజులు కూర్చున్నాను. ఆమె గొంతు గుర్తుంది, కొంచెం బొంగురు. నడక గుర్తుంది. నెత్తిన కడవ పెట్టుకుని చెయ్యి ఆనించకుండా నడిచేది. దారిలో ఎవరైనా పిలిస్తే తల తిప్పకుండా మనిషంతా తిరిగేది. అలా తిరుగుతుంది, ముఖం నా వైపుకు వస్తుంది, సరిగ్గా అక్కడ పొగ. నా ఒక్కగానొక్క చెల్లెలి ముఖం నాకు గుర్తులేదు, దీవెనా. కాల్చింది నీకున్న ఫోటో ఒక్కటే అనుకున్నాను. నాలో ఉన్నదీ దాంతోనే కాలింది.

క్షమించమని అడిగే ధైర్యం లేదు.

దావీదురాజు.


కడప,
8 సెప్టెంబరు 2024.

మామకు,

ఉత్తరం అందింది. సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను.

నా కోపం కాల్చినందుకు కాదు. ఒకటో తరగతిలో టీచరు మా అమ్మ బొమ్మ వేయమంటే చీర వేశాను, జడ వేశాను, ముఖం ఉండాల్సిన చోట ఖాళీగా వదిలి ఇంటికి తెచ్చి నీకు చూపించాను. ఫోటో లేదు తల్లీ అని నా తల నిమిరావు. ఆ నిమిరిన చెయ్యి గుర్తొస్తే కోపం. ఈసారి క్రిస్మస్‌కు రాను.

మాట ఇచ్చాను కాబట్టి ఫోటో పెడుతున్నాను. మొన్న ఆత్మకూరులో బస్టాండు వెనక ఒక ముసలామె వాకిట్లో విస్తరాకులు కుడుతోంది. నల్లమల నుంచి తెచ్చిన ఆకులు చుట్టూ ఆరబెట్టి ఉన్నాయి, గాలి వస్తే అన్నీ ఒకేసారి పక్కకు ఒరిగేవి. "నన్నెందుకు తీస్తాండావు పాపా? నా పండ్లన్నీ యాడికో వలస పోయినాయి" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడు తీశాను. పేరు అడిగేలోగా బస్సు హారన్ కొట్టింది.

నెలాఖరు దాకా ఇక్కడే నా స్నేహితురాలు శ్రావణి ఇంట్లో ఉంటాను. జవాబు రాయనక్కరలేదు.

దీవెన.


ఆత్మకూరు,
17 సెప్టెంబరు 2024, తెల్లవారుజామున.

దీవెనా,

జవాబు రాయవద్దన్నావు. ఇది జవాబు కాదు, కేక. నిన్న మూడుసార్లు ఫోన్ చేశాను. నువ్వు తీయలేదు, అది న్యాయమే. ఈ ఉత్తరం పోస్టులో వేస్తే నాలుగు రోజులు. కడప బస్సు డ్రైవరు బసవన్న ఆరున్నరకు బండి తీస్తాడు. అతని చేతికిస్తున్నాను. మధ్యాహ్నానికి శ్రావణి ఇంటికి తెచ్చి నీ చేతిలోనే పెడతానని మాటిచ్చాడు.

నీ ఫోటో కవరులోంచి తీసి చూశాను. కొంగు పట్టుకున్న నాలుగు వేళ్ళు, దూరంగా నిలబడ్డ చిటికెనవేలు. కొడవలికి తెగి వంకరపోయిన చిటికెనవేలు. నా చిన్నప్పుడు ఆ వేలు నాకు బెల్లం తినిపించింది. ఆమె గిడ్డమ్మ, దీవెనా! మన పక్కింటి గిడ్డమ్మ, మా అమ్మకు ప్రాణస్నేహితురాలు. అమ్మ పోవడానికి ముందే ఆత్మకూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంకా బతికుందని నాకు తెలియదు. రూపాలు పోగేయవద్దని తిట్టిన నాకు నీ ఫోటోయే దారి చూపింది.

విశ్వాసమ్మ ముఖం ఎలా ఉండేదో ఈమె చెబితే, అది మాట పొల్లుపోకుండా నీకు రాయాలని నిన్న పొద్దున్నే బస్సెక్కాను. ఆకులు కుడుతోంది. తలెత్తింది.

"ఎవరప్పా నువ్వు?"

"పెద్దమ్మా, నేను దావీదురాజును. ఓబులమ్మ కొడుకును."

"ఓ, అగ్గి పాస్టరా! మళ్ళా ఏం కాల్చల్లని వచ్చినావు? ఈడ ఆకులు తప్ప ఏం లేవు."

నేను నేలమీద కూర్చున్నాను. "తప్పు చేసినా పెద్దమ్మా. నా చెల్లెలి పటం కాల్చినా. పోయిన ఆదివారం సంఘంలో నిలబడి అందరి ముందర ఒప్పుకున్యా. తక్కిన పదహారు ఇండ్లకు పోయి చేతులు పట్టుకున్యా. ఒక ఇంట్లో తలుపు తీయలేదు. విశ్వాసమ్మ మొగం నాకు గుర్తుకు రాలేదు. ఎట్లుండేదో నువ్వు చెప్పు. పాప అడుగుతాంది."

ఆమె సూదిపుల్ల పక్కన పెట్టింది. కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది!

"ఎర్రి నాయనా, నువ్వేడ కాల్చినావు? నువ్వు కాల్చింది సబ్బు కాలెండరు బొమ్మ. నువ్వు కేకలేసిన దినమే మీయమ్మ పటం ఎనక చీలలు పీకి, బిడ్డ ఫోటో తీసి నా కొంగులో కట్టె. దాని జాగాలో సబ్బు బొమ్మ పెట్టె. నువ్వు బోర్లా పెట్టమంటివి, మాకు ఇంకా మేలాయె. నువ్వు కండ్లు మూసుకోని ప్రార్థన చేస్తాంటే, నేను ఇట్లనే కొంగు అడ్డం పెట్టుకోని నవ్వినా. శానా ఏడుస్తాంది పాపం అని అందరూ నన్ను ఓదార్చిరి."

రాహేలు తన తండ్రి పూజించే బొమ్మలను దొంగిలించి ఒంటె సామానులో దాచి, పైన కూర్చుని, లేవలేనని చెప్పిన సంగతి ఎన్నిసార్లు చదివానో. ఆ రాహేలు నాకు అన్నం పెట్టిన తల్లేనని నాకు తెలియలేదు.

"ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా, ఇన్నేండ్లు?"

"మీయమ్మ మాట తీసుకునె. వీనికి ఈ మంట తగ్గినాక పాప చేతికియ్యి అనె. నేను ఈడికొస్తి. మీయమ్మ పాయె. మంట తగ్గినట్ల నాకెవరు చెప్పినారు?"

"యాడుండాది? ఒక్కసారి చూపించు."

"నీకా? నీ చేతికి అగ్గిపెట్టె అలవాటు. యాడ దాచినానో పాప చెవులో చెప్తా. మొన్న ఒక పాప వచ్చి ఫోటో తీసె. ఎవురో పిలిస్తే మెడ తిప్పకుండా మనిషంతా తిరిగె. యాడో చూసిన తిరుగుడే అనుకున్యా, అడిగేలోగా బస్సు పాయె. ఆ పాపేనా?"

ఆ పాపే అన్నాను.

ఇప్పుడు నా తొందర ఎందుకో విను. మధ్యాహ్నం అయ్యేసరికి ఆమె నన్ను మా నాయన పేరుతో పిలిచింది. సాయంత్రానికి ఫోటో అంటే ఏ ఫోటో అంది. ఆమె కూతురు నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "పొద్దున పూట బాగుంటాదన్నా. ఎండెక్కితే దావ తప్పిపోతాది. ఈ నెలలో శానా ఎక్కువైంది. యాడ దాచిందో నాకు గూడా చెప్పలేదు." మిద్దె చూరులో ఉందో, ఆకుల అటక మీద ఉందో, పాత మెత్తలో కుట్టిందో ఆమెకొక్కదానికే తెలుసు. ఆ తెలివి రోజుకొక ఆకు చొప్పున రాలిపోతోంది.

ఇప్పుడే తెల్లవారింది. నేను వాకిట్లో ఆకుల మధ్య కూర్చుని రాస్తున్నాను. నల్లమల మీద మంచు, ఆకుల మీద మంచు. గిడ్డమ్మ లేచి గడప మీద కూర్చుంది. ఎండ ఆమె వంకర చిటికెనవేలి మీద పడింది. నన్ను గుర్తుపట్టింది. "పాప రాలేదా?" అని అడిగింది. ఆ మాట ఆమె నోట రేపు ఉంటుందో లేదో!

నా మీద కోపం చల్లారే దాకా ఆగకు. కోపంతోనే రా, దారంతా నన్ను తిట్టుకుంటూ రా. నన్ను చూడాల్సిన పనిలేదు, నేరుగా లోపలికి పో, ఆమె నోటి దగ్గర చెవి పెట్టు. నేను ఈ వాకిట్లోనే ఉంటాను. నీ చేతిలోని ఆ ముఖాన్ని నాకు చూపిస్తావో చూపించవో అది నీ ఇష్టం. చూపిస్తే కళ్ళు తెరిచి ఉంటాను.

మధ్యాహ్నం రెండింటికి కడపలో ఆత్మకూరు బస్సు ఉంది. దాన్ని ఎక్కితే రేపు పొద్దున ఆమె లేచేసరికి ఎదురుగా ఉంటావు. ఈ కాగితం మడత పెట్టే పని కూడా వద్దు. లే దీవెనా. చెప్పులేసుకో. ఇవాళే బస్సెక్కు!